ఆ రెండు గంటలు ఆడపిల్లలవి కావా?

ఇంకో నెలలో పిల్లలకు వేసవి సెలవులు ఇచ్చేస్తారు. దాదాపు ఏడు వారాలు బడి ఉండదు. మా పట్టణంలో మునిసిపల్ పార్కు ఒకటుంది. మీ ఊళ్ళోనూ అలాంటిదొకటి ఉండే ఉంటుంది. నాలుగు సిమెంటు బెంచీలు, నీళ్ళు రాని ఫౌంటెన్, మధ్యలో మట్టి గ్రౌండు, దాన్నానుకుని రేకుల కప్పు వేసిన హాలు. ఏడాది పొడవునా మాలాంటి నడకవాళ్ళు తప్ప ఎవరూ తొంగిచూడని ఆ పార్కు వేసవి రాగానే కళకళలాడుతుంది. గేటుకు ఫ్లెక్సీ కడతారు. 'ఉచిత వేసవి శిక్షణ శిబిరం. వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, షటిల్, యోగా, చిత్రలేఖనం. ఉదయం 6 నుంచి 8 వరకు. బాలబాలికలు అందరూ అర్హులే.'

షుగరు వచ్చింది, నడవమని డాక్టరుగారు గట్టిగా చెప్పడంతో నేను రోజూ ఆ పార్కులో ఐదు చుట్లు తిరుగుతాను. నడుస్తూ పిల్లల ఆటలు చూడడం నాకు సరదా. రెండేళ్ళ క్రితం మే నెలలో ఓ రోజు ఎందుకో లెక్కపెట్టాలనిపించింది. పదేళ్ళలోపు పిల్లల గుంపులో మగపిల్లలు ఇరవై రెండు మంది, ఆడపిల్లలు పంతొమ్మిది మంది. దాదాపు సరిసమానం. చూసి సంతోషించాను. తర్వాత పెద్ద పిల్లల వైపు చూశాను. పన్నెండేళ్ళు దాటిన మగపిల్లలు ముప్ఫై నాలుగు మంది. ఆడపిల్లలు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకమ్మాయి కోచ్‌గారి కూతురు!

'బాలబాలికలు అందరూ అర్హులే' అన్న మాటలో అబద్ధమేమీ లేదు. వస్తే ఎవరూ వెళ్ళిపొమ్మనరు. మరి వీళ్ళంతా ఏమయ్యారు? రెండేళ్ళ క్రితం దాకా ఇదే గ్రౌండులో పరికిణీలు ఎగదోపుకుని పరుగెత్తిన పిల్లలే కదా!

వాళ్ళెక్కడున్నారో ఆ రోజు ఇంటికి తిరిగొస్తుంటే కనబడింది. ఒకమ్మాయి వాకిట్లో కళ్ళాపి చల్లి ముగ్గు వేస్తోంది. ఇద్దరు కుళాయి దగ్గర బిందెలతో నిలబడ్డారు. ఒకమ్మాయి చంకన తమ్ముణ్ణి వేసుకుని పాల ప్యాకెట్లకు వెళ్తోంది. మా ఎదురింటి అమ్మాయి పుస్తకాల సంచీతో తండ్రి స్కూటరు వెనకాల కూర్చుని ఫౌండేషన్ కోర్సుకు పోతోంది. వచ్చే ఏడాది పాఠాలు ఈ ఏడు వేసవిలోనే మొదలుపెట్టేస్తారుగా! ఆ ఎదురింటివాళ్ళ అబ్బాయి మాత్రం అప్పటికే పార్కులో వాలీబాల్ ఆడుతున్నాడు. వాడికీ చదువుంది. కానీ వాడి ఆట తర్వాతే చదువు.

నాకు తగిలిన జవాబు

మా ఇంట్లో పనికి వచ్చే ఆవిడకు ఓ కూతురుంది. అప్పటికి ఏడో తరగతి పరీక్షలు రాసింది. బళ్ళో పరుగుపందెంలో ఫస్టు వచ్చి స్టీలు గిన్నె గెలుచుకుంది. ఆ గిన్నె తెచ్చి నాకు చూపించింది కూడా. ఆ రోజు నేను పెద్ద సంఘ సంస్కర్తలా, "ఏమ్మా, మీ అమ్మాయిని పార్కుకు పంపకూడదూ? పైసా ఖర్చు లేదు కదా" అన్నాను.

ఆవిడ గిన్నెలు తోముతూనే, తలెత్తకుండా చెప్పింది. "ఎట్టా పంపేదమ్మా? ఆరింటికల్లా నేను మీ ఇంట్లో ఉండాలి గదా. అది ఇంట్లో ఉంటేనే వాళ్ళ నాన్నకు క్యారేజీ, చంటోడికి పాలు. రేపట్నుంచి ఎనిమిదింటికి వస్తానంటే మీరూరుకుంటారా?"

నా నోట మాట రాలేదు. ఆడపిల్లల్ని ఇంట్లో కట్టిపడేస్తున్నారని లోకం మీద విసుక్కుంటూ ఇల్లు చేరాను. తీరా చూస్తే ఒక ఆడపిల్ల గ్రౌండుకు రాకుండా అడ్డుపడుతున్నది నా ఇంట్లోని కాఫీ గిన్నెలే. నేను హాయిగా నడిచి రావడానికి ఆవిడ ఆరింటికి రావాలి. ఆవిడ ఆరింటికి రావాలంటే ఆ పిల్ల ఇంట్లో ఉండాలి. ఈ గొలుసు చివర ఉన్నది పన్నెండేళ్ళ పిల్ల.

ఈ విషయం రాయడానికి మొదట సిగ్గుపడ్డాను. కానీ నా తప్పు అక్కడితో ఆగలేదు, ఇంకొకటుంది. అదీ చెప్పేస్తాను.

మా అమ్మాయికి ఇప్పుడు పాతికేళ్ళు దాటాయి. చిన్నప్పుడు ఇదే పార్కులో టెన్నికాయిట్ ఆడేది. రింగు ఎటునుంచి వచ్చినా ఎడంచేత్తో పట్టేది. ఏడో తరగతి సెలవుల్లో నేనే మాన్పించాను. అప్పుడు నేను చెప్పిన కారణం, "ఎండకు నల్లబడిపోతున్నావే, ఇక చాలు" అని. అది, "తమ్ముడు నల్లబడడా అమ్మా?" అని అడిగింది. నేను నవ్వేసి ఊరుకున్నాను. అసలు కారణం వేరు. ఆ ఫిబ్రవరిలోనే అది పెద్దమనిషైంది. మా అత్తగారు, ఇరుగుపొరుగు ఏమంటారో అని భయం. ఒక ఏడాది పోయాక మళ్ళీ పంపిద్దాంలే అనుకున్నాను. మళ్ళీ పంపలేదు. అదీ అడగలేదు. ఇప్పుడు ఉద్యోగం చేస్తూ రోజుకు పదిగంటలు కుర్చీలో కూర్చుంటోంది, నడుంనొప్పి అంటోంది. ఆట మాన్పించడం వల్లే ఆ నొప్పి వచ్చిందని నేననను. కానీ ఒళ్ళు అలిసేలా ఆడడంలో ఉన్న సంతోషం దాని అలవాట్లలోంచి నేనే తీసేశాను. ఆ సంగతి నాకు తెలుసు.

మూడు సాకులు

ఆ తర్వాత నేను పార్కులోనూ, మా వీధిలోనూ తల్లుల్ని పట్టుకుని అడగడం మొదలుపెట్టాను. మీ అమ్మాయిని ఎందుకు పంపడం లేదు? ఎంతమందిని అడిగినా చివరకు తేలినవి మూడే కారణాలు.

మొదటిది ఒంటి రంగు. "పెళ్ళి కావాల్సిన పిల్ల" అంటారు. పన్నెండేళ్ళ పిల్లకు పెళ్ళేమిటండీ? పద్ధెనిమిది నిండేదాకా చట్టమే ఒప్పుకోదు. ఎప్పుడో పదేళ్ళ తర్వాత ఎవరో వచ్చి చూసుకోబోయే చెంపల కోసం ఇవాళ్టి కాళ్ళు కట్టేస్తున్నామన్నమాట. పైగా పొద్దున్న ఆరింటి ఎండకు ఎవరూ మాడిపోరు.

రెండోది 'పెద్దదైంది' అన్న మాట. ఇందులో భయం ఉంది. ఆ భయాన్ని నేను కొట్టిపారెయ్యను. గ్రౌండు గోడల మీద కూర్చుని వెకిలిగా కూసే కుర్రాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. నెలసరి రోజుల్లో పిల్ల గ్రౌండులో ఉంటే ఏం చేయాలి అన్నదీ నిజమైన ఇబ్బందే. కానీ ఒక్క మాట ఆలోచించండి. గోడమీద కుర్రాడు కూస్తే గోడ దిగాల్సింది ఆ కుర్రాడు. మనం మాత్రం పిల్లను గ్రౌండులోంచి దించేస్తున్నాం.

మూడోది ఇంటిపని. దీని గురించి ఎవరూ పైకి మాట్లాడరు. "మా అమ్మాయి నాకు కుడిభుజం" అని గర్వంగా చెప్పుకుంటారు. కానీ శిబిరం వేళలు చూడండి. ఉదయం 6 నుంచి 8. మన ఎండలకు అది సరైన వేళే. తొమ్మిది దాటితే మేలో గ్రౌండులో నిలబడలేం, అందుకే ఎక్కడైనా పొద్దున్నే పెడతారు. అయితే ఆ రెండు గంటలే మన ఇళ్ళల్లో అడ్డమైన చాకిరీకీ సమయం. కుళాయి వచ్చేది అప్పుడే, పాలు కాచేది అప్పుడే, టిఫిన్లూ క్యారేజీలూ అప్పుడే. ఆ వేళ ఇంట్లో ఎన్ని చేతులున్నా చాలవు. కొడుకు చేతులు ఆ లెక్కలోకి రావు కనుక వాడు బ్యాటు పట్టుకుని వెళ్ళిపోతాడు. కూతురి చేతులు లెక్కలోకి వస్తాయి. ఆడపిల్లను ఆటకు పంపనని ఏ తల్లీ అనదు. "ఇవాళ్టికి ఉండవే" అంటుంది. అలా అంటూండగానే నలభై రోజులు గడిచిపోతాయి.

ఆట వల్ల ఏమొస్తుంది?

"ఆటలాడితే కూడు పెడతాయా?" అని మా ఆడపడుచు అడిగింది. అడిగే హక్కు ఆవిడకుంది, ముగ్గురు పిల్లల్ని ఒంటిచేత్తో పెంచిన మనిషి. ఆవిడకు నేను ఇద్దరి కథలు చెప్పాను.

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్ అయింది. మొదట ఆమెది పరుగుపందెం. ఊళ్ళో కలెక్టరేట్ మైదానానికి తండ్రి వెంట వెళ్ళేది. అక్కడ బాక్సింగ్ నేర్చుకునేవాళ్ళలో ఒక్క ఆడపిల్లా కనబడకపోతే, ఆడపిల్లలు బాక్సింగ్ చేయకూడదా అని తండ్రిని అడిగిందట. అప్పటికి ఆమెకు పన్నెండు, పదమూడేళ్ళుంటాయి. అంటే మనం 'ఇక చాలు' అనే వయసన్నమాట. ఆ తండ్రి నాలాగా నవ్వేసి ఊరుకోలేదు. చుట్టాలూ పక్కాలూ నాలుగు మాటలన్నా వెనక్కి తగ్గలేదు.

విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌లో 2023లో బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్. 2024లో పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్ళింది. ఒలింపిక్స్‌లో ఆ పందెంలో పరుగెత్తిన తొలి భారతీయ మహిళ ఆమే. తండ్రి సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్ళల్లో పనిచేసి, ఆస్పత్రిలో శుభ్రం చేసే పనిచేసి పిల్లల్ని పెంచింది. మా పనావిడకు ఈ సంగతి చెబితే, "ఆ తల్లికి మీబోటి అమ్మగారు దొరికుండదు" అని నవ్వింది. ఎత్తిపొడుపో, మెచ్చుకోలో నాకిప్పటికీ తెలియదు.

అయినా ఆడపిల్లలందరూ ఛాంపియన్లు కావాలని కాదు నేననేది. మగపిల్లలందరూ తెండూల్కర్లు అవుతారని పంపిస్తున్నామా? వాడు ఆడుకోవాలి, ఆకలేయాలి, నిద్రపట్టాలి, నలుగురితో కలవాలి అని పంపిస్తున్నాం. ఆడపిల్లకు మాత్రం పతకం తెస్తేనే ఆట ఎందుకుండాలి?

ఆరోగ్యం సంగతీ చూడండి. ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలు రోజుకు సగటున అరవై నిమిషాలైనా ఒళ్ళు కదిలేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2016 నాటి లెక్కల ఆధారంగా 146 దేశాల పిల్లల మీద ఆ సంస్థ నిపుణులు చేసిన పరిశీలన 2019లో వెలువడింది. పదకొండు నుంచి పదిహేడేళ్ళ లోపు ఆడపిల్లల్లో నూటికి 85 మంది ఆ మాత్రం కూడా కదలడం లేదని తేలింది. మగపిల్లల్లో ఆ సంఖ్య 78. ఇది ఒక్క మన గొడవే కాదన్నమాట. ఆడపిల్ల దాదాపు అన్నిచోట్లా ఓ మెట్టు కిందే ఉంది. ఇలా కదలకుండా పెరిగి, నలభై ఐదేళ్ళకు షుగరు తెచ్చుకుని, డాక్టరు చెబితే తప్ప పార్కు మొహం చూడని ఆడవాళ్ళకు నేనే ఉదాహరణ.

ఇది దయ కాదు

కొందరు, "ఉచితంగా పెట్టడమే గొప్ప, ఇంకా వంకలు పెడతారా?" అంటారు. పార్కు గానీ శిబిరం గానీ ఎవరూ దయతలచి ఇచ్చేవి కావు. రాజ్యాంగానికి 1992లో చేసిన 74వ సవరణతో పన్నెండో షెడ్యూలు చేరింది. పట్టణ సంస్థలకు అప్పగించదగిన పద్ధెనిమిది విషయాలు అందులో ఉన్నాయి. పార్కులు, తోటలు, ఆటస్థలాలు వాటిలో పన్నెండోది. వీధిదీపం ఎలాంటిదో, మంచినీటి కుళాయి ఎలాంటిదో ఆటస్థలమూ అలాంటిదే. మనం కట్టే ఇంటిపన్నులో దానికీ భాగముంది. పిల్లలకు ఆడుకునే హక్కు ఉందని చెప్పే బాలల హక్కుల ఒప్పందాన్ని మన దేశం కూడా 1992లోనే ఆమోదించింది.

మన దగ్గర ఇలాంటి పనులకు మంచి చరిత్రే ఉంది. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, అక్కయ్య కామేశ్వరిగారు బాలానంద సంఘం పెట్టి ఆడా మగా తేడా లేకుండా పిల్లల్ని ఒకచోట చేర్చి ఆడించారు, పాడించారు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్‌లో సంగీతం, నాట్యం, బొమ్మలు నేర్చుకుని పెద్దవాళ్ళైన వాళ్ళు ఎందరో. హైదరాబాద్ నగరపాలక సంస్థ దశాబ్దాలుగా ఏప్రిల్ నెలాఖరు నుంచి మే నెలాఖరు దాకా పార్కుల్లో, మైదానాల్లో నామమాత్రపు రుసుముతో వేసవి శిబిరాలు నడుపుతూ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో శాఖా గ్రంథాలయాల్లో కూడా సెలవుల్లో పిల్లలకు శిబిరాలు పెడుతుంటారు. ప్రైవేటు వేసవి క్యాంపులకు వేలకు వేలు పోయలేని ఇళ్ళ పిల్లలకు దిక్కు ఇవే. డబ్బున్న ఇంటి ఆడపిల్ల స్కేటింగో, ఈతో ఎక్కడో ఒకచోట నేర్చుకుంటుంది. లేని ఇంటి ఆడపిల్లకు ఈ మట్టి గ్రౌండు కూడా పోతే ఇక మిగిలేది టీవీ, సెల్‌ఫోను, అంట్ల గిన్నెలు.

అందుకే ఇది వంకలు పెట్టడం కాదు. ఉన్నది అందరికీ అందేట్టు చూసుకోవడం.

తాళంచెవి ఎవరి దగ్గర?

అసలు సంగతి చెప్పనే లేదు. మా పార్కులో ఆడవాళ్ళకని మరుగుదొడ్డి ఉంది. గోడ మీద బొమ్మ కూడా వేశారు. కానీ దానికి ఎప్పుడూ తాళమే. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. వాచ్‌మన్ తొమ్మిదింటికి వస్తాడు. శిబిరం ఎనిమిదింటికే అయిపోతుంది! మగపిల్లలు ఏ గోడ వెనక్కో పోతారు. పన్నెండేళ్ళ ఆడపిల్ల ఎక్కడికి పోవాలి? పోవాల్సి వస్తుందని నీళ్ళు తాగడం మానేసేవాళ్ళు. మేలో, ఆటల మధ్య, నీళ్ళు తాగకుండా! ఆ తర్వాత రావడమే మానేసేవాళ్ళు. బడిలో ఆడపిల్లలకు విడిగా మరుగుదొడ్డి ఉండి తీరాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెప్పింది. బడికి సెలవులిచ్చాక ఆ పిల్లలే పార్కుకు వస్తారు. అప్పుడు ఆ అవసరం కూడా సెలవుల మీద పోతుందా?

పోయినేడాది మార్చిలో మేం పదిహేడు మందిమి తెల్లకాగితం మీద ఒక అర్జీ రాసి సంతకాలు పెట్టాం. మూడే కోరాం. శిబిరం జరిగినంతసేపూ మరుగుదొడ్డి తెరిచి ఉంచాలి, లోపల గడియ, బకెట్, నీళ్ళు ఉండాలి. ఒక్కరైనా ఆడ కోచ్ ఉండాలి. పన్నెండేళ్ళు దాటిన ఆడపిల్లలకు సాయంత్రం కూడా ఒక బ్యాచి పెట్టాలి.

మా వార్డు కౌన్సిలరు ఆడమనిషే. అర్జీ ఇవ్వడానికి వెళ్తే మాట్లాడింది మాత్రం ఆవిడ భర్తగారు. "చూద్దాం లెండమ్మా" అని కాగితం మడిచి జేబులో పెట్టుకోబోయారు. మాలో ఒకావిడ, "అన్నయ్యగారూ, ఇది మరుగుదొడ్డి సంగతి, అమ్మగారితోనే మాట్లాడతాం" అంది. లోపల్నుంచి ఆవిడ వచ్చి అంతా విని, "మా పాప కూడా అందుకే మానేసింది" అంది. స్థానిక సంస్థల్లో మన రెండు రాష్ట్రాల్లోనూ ఆడవాళ్ళకు సగం సీట్లిచ్చారు. ఆ కుర్చీలో కూర్చున్న వాళ్ళతో మాట్లాడాలని మనం పట్టుబట్టకపోతే ఆ సీట్లు ఎందుకు?

అన్నీ జరిగిపోయాయని చెప్పను. ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాం. ఆడ కోచ్‌ను వేయలేదు. నిధుల్లేవన్నారు. మా వెనకవీధిలో రిటైరైన డ్రిల్లు టీచరుగారున్నారు. అడిగితే విజిల్ మెళ్ళో వేసుకుని ఆవిడే వచ్చారు. గడియ మేమే కొని బిగించాం. తాళంచెవి మాత్రం ఇచ్చారు. వంతులేసుకుని మాలో ఒకరం తెరిచేవాళ్ళం. సాయంత్రం ఐదు నుంచి ఆరూముప్పావు దాకా బ్యాచికి ఒప్పుకున్నారు. గ్రౌండులో రెండు లైట్లు వేశారు. పిల్లల్ని దించడానికి వచ్చిన తల్లులు బెంచీల మీద ఊరికే కూర్చునేవాళ్ళు. ఓ రోజు డ్రిల్లు టీచరుగారు వాళ్ళ చేతికీ రింగు ఇచ్చారు. చీరకొంగులు దోపుకుని నలుగురు దిగారు. నేనూ దిగాను. రెండు రోజులు భుజం పీకింది.

మొదటిరోజు వచ్చిన పెద్ద ఆడపిల్లలు నలుగురు. నెల చివరకు పదమూడు మంది. ముప్ఫై నాలుగు మంది మగపిల్లల పక్కన పదమూడు తక్కువే. కానీ ఇద్దరి దగ్గర్నుంచి పదమూడుకు రావడానికి ఖర్చయింది ఒక తాళంచెవి, ఒక గడియ, ఒక బకెట్, ఒక పెద్దావిడ ఓపిక. ఆడపిల్లలకు ఆటల మీద ఆసక్తి లేదనే వాళ్ళు ఈ లెక్క చూడాలి.

ఆ పదమూడు మందిలో మా పనావిడ కూతురూ ఉంది. ఆవిణ్ణి నేను ఎనిమిదింటికి రమ్మన్నాను. జీతం తగ్గించలేదు. పొద్దున్న కాఫీ గిన్నెలు మేమే కడుక్కున్నాం. మా వారు మొదటివారం సణిగారు, తర్వాత ఆయన గ్లాసు ఆయనే కడుక్కోవడం మొదలుపెట్టారు. ఆ పిల్ల పద్ధెనిమిది రోజులు వచ్చింది. ఆ తర్వాత అమ్మమ్మకు జబ్బుచేస్తే చూసుకోవడానికి ఊరికి పంపేశారు. మళ్ళీ ఆడపిల్లనే పంపారు! నాకు ఉసూరుమనిపించింది. మొన్న సంక్రాంతికి కనబడి, "ఈసారి కూడా సాయంత్రం ఉంటుందా అండీ?" అని తనంతట తనే అడిగింది. ఉంటుందని చెప్పాను. ఉండేలా చూడాల్సిన బాధ్యత ఇప్పుడు నా మీద పడింది.

ఈ నెలలోనే అడగాలి

ఈ వ్యాసం చదివే అక్కలకు, చెల్లెళ్ళకు నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఫ్లెక్సీ కట్టాక అడిగితే లాభం లేదు. వేళలూ, కోచ్‌లూ, ఏర్పాట్లూ శిబిరం మొదలయ్యే ముందే ఖాయమైపోతాయి. ఇప్పుడే పదిమంది కలిసి వెళ్ళండి. మరుగుదొడ్డి తలుపు తీయించి లోపలకు వెళ్ళి చూడండి. సాయంత్రం బ్యాచి అడగండి. గోడమీద కుర్రాళ్ళ సంగతి చూడమని పోలీసులకు ఓ కాగితం ఇవ్వండి. మీ వీధిలో ఖాళీగా ఉన్న డ్రిల్లు టీచరుగారో, కాలేజీలో ఖోఖో ఆడిన కోడలో ఉంటుంది, కదిలించండి. వచ్చిన పిల్లల్ని వయసువారీగా లెక్కపెట్టండి. ఆ లెక్క చూపిస్తే ఎవరూ కాదనలేరు.

అధికారులను అడిగే ముందు మన ఇంట్లో ఒక్క పని చేయాలి. ఆ నలభై రోజులూ పొద్దున్న పనులకు వంతులు వేయండి. కొడుకు ఒకరోజు పాలు తెస్తే, మొగుడు ఒకరోజు కుళాయి దగ్గర నిలబడితే, కూతురికి రెండు గంటలు మిగులుతాయి. మీ ఇంట్లో పనికొచ్చే మనిషికి ఎదిగే కూతురు ఉంటే, ఆవిడ వచ్చే వేళ ఒక గంట జరపండి. మనం చేసే సాయాల్లో ఇంత చవకైనది ఇంకోటి లేదు.

మా అమ్మాయి పోయిన వేసవిలో రెండు రోజులు సెలవు పెట్టి వచ్చింది. సాయంత్రం నాతో పార్కుకు వచ్చి, పిల్లల దగ్గర రింగు అడిగి తీసుకుంది. మొదటి రెండుసార్లు జారిపోయింది. మూడోసారి ఎడంచేత్తో పట్టింది. నా వైపు చూసి, "అమ్మా, నన్నెందుకు మాన్పించావే?" అంది. కోపంగా అనలేదు, మామూలుగానే అడిగింది. చెప్పడానికి నా దగ్గర ఒక్క మంచి కారణం కూడా లేకపోయింది.

మీ పిల్లలు పెద్దయ్యాక మిమ్మల్ని అలా అడిగే అవసరం రాకుండా చూసుకోండి.